కొమ్మ ముక్కలకు ఇంట్లోనే వేళ్ళు పట్టించడం: కొమ్మ ఎంపిక నుంచి కుండీ మార్పు వరకు

కొమ్మ కోసి మట్టిలో గుచ్చామని, పది రోజులు పచ్చగానే ఉండి ఆ తర్వాత అడుగు నల్లబడి పోయిందని చాలామంది చెబుతారు. మరికొందరి కొమ్మలు మూడో రోజుకే తల వాల్చేస్తాయి. చూడటానికి ఇవి వేర్వేరు సమస్యలుగా కనిపించినా రెండింటికీ మూలం ఒకటే.

వేళ్ళు లేని ముక్క నీటిని తగినంతగా పీల్చుకోలేదు, కాని దాని ఆకులు మాత్రం నీటిని గాలిలోకి వదులుతూనే ఉంటాయి. ఆకు వాడటం చూసి మనం కుండీలో మరిన్ని నీళ్ళు పోస్తాం. ఆ నీళ్ళు మట్టి రేణువుల మధ్య ఉన్న గాలిని బయటికి నెట్టేస్తాయి, గాలి ఆడని చోట కోసిన అంచు కుళ్ళిపోతుంది. కాబట్టి పైన ఆకుల చుట్టూ తేమ ఉండాలి, కింద కోత చుట్టూ గాలి ఆడాలి. ఈ రెండూ వేళ్ళు వచ్చేదాకా చెడకుండా నిలబెట్టడమే అసలు పని. కింద చెప్పిన ప్రతి పనిని ఈ దృష్టితో చూస్తే, మీ దగ్గర ఏ వస్తువు లేకపోయినా దానికి బదులు ఏది వాడవచ్చో మీకే తెలుస్తుంది.

1. మీ మొక్క ఏ రకానికి చెందినదో తేల్చుకోండి

అన్ని మొక్కలూ కొమ్మ నుంచి రావు. కొబ్బరి, తాటి వంటి చెట్లకు ఈ పద్ధతి పనికిరాదు. మామిడి, పనస వంటి వాటి కొమ్మలకు ఇంటి ఏర్పాట్లతో వేళ్ళు పట్టించడం చాలా కష్టం. వాటికి అంటు కట్టడమే సరైన దారి. మిగిలినవాటిని కొమ్మ ముదురును బట్టి ఇలా చూడవచ్చు.

- లేత కొమ్మలు: కోలియస్, తులసి, పుదీనా, మనీ ప్లాంట్. 8 నుంచి 10 సెంటీమీటర్ల పొడవు చాలు. త్వరగా వేళ్ళు వస్తాయి, అంతే త్వరగా వాడిపోతాయి.
- సగం ముదిరిన కొమ్మలు: మందార, మల్లె, నందివర్ధనం, గులాబీ. కింది భాగం గట్టిపడుతూ, పై భాగం ఇంకా పచ్చగా ఉన్న కొమ్మలు. పొడవు 10 నుంచి 15 సెంటీమీటర్లు.
- ముదురు కొమ్మలు: బోగన్‌విల్లా, దానిమ్మ, అంజూర, మల్బరీ, ద్రాక్ష. పెన్సిలంత లావున్న కొమ్మలు, పొడవు 15 నుంచి 20 సెంటీమీటర్లు.
- కండ గలవి, పాలు కారేవి: జెముడు జాతులు, దేవగన్నేరు. వీటి పద్ధతి దాదాపు తలకిందులుగా ఉంటుంది కాబట్టి 9వ భాగంలో విడిగా చెప్పాను.

2. కొమ్మ కోయక ముందే సిద్ధంగా ఉంచుకోవలసినవి

చాలామంది ముందు కొమ్మ కోసుకొచ్చి, ఆ తర్వాత కుండీ వెతుక్కుంటారు. ఆ అరగంటలో లేత కొమ్మ కోలుకోలేనంతగా వాడిపోవచ్చు. ఇవన్నీ ఎదురుగా పెట్టుకున్నాకే మొక్క దగ్గరికి వెళ్ళండి.

- పదునైన సికేచర్ (కొమ్మలు కత్తిరించే కత్తెర) లేదా బ్లేడు
- దాన్ని తుడవడానికి 70 శాతం ఆల్కహాల్
- అడుగున రంధ్రాలున్న 8 నుంచి 10 సెంటీమీటర్ల లోతు కుండీలు
- తడిపి సిద్ధం చేసిన మిశ్రమం
- రంధ్రం చేయడానికి సన్నని పుల్ల
- పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి, దాన్ని నిలబెట్టడానికి మూడు నాలుగు పుల్లలు
- తడి గుడ్డ లేదా తడి కాగితం
- మొక్క పేరు, తేదీ రాసే చీటీ

తేదీ రాయడం అనవసరమనిపించవచ్చు. నాలుగో వారంలో ఓపిక సడలినప్పుడు నిజంగా ఎన్ని రోజులైందో చెప్పేది ఆ చీటీ ఒక్కటే.

3. మిశ్రమం: ఎక్కువ ముక్కలు పోయేది ఇక్కడే

తోట మట్టి వద్దు. అది తడిస్తే గట్టిగా అతుక్కుపోతుంది, అందులో కుళ్ళు తెగులు కలిగించే శిలీంధ్రాలు కూడా ఉండవచ్చు. ఎరువు, వర్మీకంపోస్టు కూడా ఈ దశలో వద్దు. వేళ్ళే లేని ముక్కకు ఎరువుతో పని లేదు, పైగా అందులోని లవణాలు అప్పుడే పుట్టే వేరు కొనను దెబ్బతీస్తాయి.

నేను ఎక్కువ మొక్కలకు వాడేది సగం కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), సగం పెర్లైట్ (తేలికైన తెల్లని రాతి గుళికలు). పెర్లైట్ దొరకకపోతే దాని బదులు కడిగిన ముతక ఇసుక వాడండి. ఇసుకను బకెట్లో వేసి నీళ్ళు పోసి కలియబెట్టి, పైకి తేలిన బురద నీటిని పారబోయండి. నీళ్ళు తేటగా అయ్యేదాకా ఇలా చేయాలి. సముద్రతీరపు ఇసుకలో ఉప్పు ఉంటుంది కాబట్టి దాన్ని తీసుకోవద్దు. కోకోపీట్‌లోనూ లవణాలు ఉండవచ్చు, అందువల్ల నానబెట్టి రెండు మూడుసార్లు కడిగి పిండాలి. ముదురు కొమ్మలకు, కండ గల మొక్కలకు ఇసుక లేదా పెర్లైట్ పాలును మూడింట రెండు వంతులకు పెంచండి.

తేమ సరిపోయిందో లేదో పిడికిలి చెబుతుంది. మిశ్రమాన్ని గుప్పిట్లోకి తీసుకుని గట్టిగా నొక్కితే ఒకటి రెండు చుక్కలు మాత్రమే రాలాలి. నీళ్ళు ధారగా కారితే అది ఎక్కువ తడి; గుప్పిట తెరవగానే పొడిపొడిగా విడిపోతే తక్కువ తడి.

కుండీ గురించి రెండు మాటలు చెప్పాలి. లోతు తక్కువ పళ్ళెంలో మిశ్రమం లోతైన కుండీలో కంటే ఎక్కువ నీరు పట్టి ఉంటుంది, ఎందుకంటే ఏ పాత్రలోనైనా అడుగున కొంత మందం ఎప్పుడూ నీటితో నిండి ఉంటుంది. అడుగున గులకరాళ్ళు పరిస్తే నీరు బాగా పోతుందన్న నమ్మకం సరికాదు. నీరు నిలిచే ఆ పొర రాళ్ళ పైకి, అంటే మన కోతకు ఇంకా దగ్గరగా జరుగుతుంది. అలాగని మరీ పెద్ద కుండీ కూడా వద్దు. అది రోజుల తరబడి ఆరదు.

4. తల్లి మొక్క, కొమ్మ ఎంపిక

ఆకు మీద మచ్చలు, వైరస్ వల్ల వచ్చే మొజాయిక్ గీతలు (లేత, ముదురు పచ్చ మరకలు), పురుగు ఉన్న మొక్క నుంచి కొమ్మ తీసుకోవద్దు. కొమ్మ నుంచి వచ్చే మొక్క తల్లికి నకలు కాబట్టి దాని వైరస్ కూడా దానితోపాటే వస్తుంది.

కోయడానికి ముందు రోజు తల్లి మొక్కకు బాగా నీళ్ళు పెట్టండి. ఉదయం, ఎండ ఎక్కక ముందు, కాండంలో నీరు నిండుగా ఉన్నప్పుడు కోయండి. పూలు, మొగ్గలు లేని కొమ్మ మంచిది. అలాంటిది దొరకకపోతే ఉన్నవాటిని తుంచేయండి. లేకపోతే ముక్కలోని ఆహారమంతా పువ్వుకే ఖర్చవుతుంది.

ఒకే తల్లి మొక్కకు ఉన్న కొమ్మలన్నీ కూడా సమానం కావు. గత కోత తర్వాత కొత్తగా, చురుగ్గా పెరిగిన కొమ్మకు పాత కొమ్మ కంటే తేలికగా వేళ్ళు వస్తాయి. మొండికేసే మొక్క అయితే రెండు నెలల ముందే ఒక కొమ్మను కత్తిరించి, అక్కడి నుంచి వచ్చిన కొత్త చిగుళ్ళు సగం ముదిరాక వాటిని తీసుకోవడం నేను చూసినంతలో మంచి ఉపాయం.

5. కోత

1. బ్లేడును ఆల్కహాల్‌తో తుడవండి. మొక్క మారిన ప్రతిసారీ మళ్ళీ తుడవాలి.
2. అవసరమైన దానికంటే కాస్త పొడవుగా కొమ్మ కోసి, వెంటనే తడి గుడ్డలో చుట్టండి.
3. నీడలో కూర్చుని, కింది కణుపుకు (ఆకు కాండానికి అతుక్కునే చోటుకు) సరిగ్గా అర సెంటీమీటరు దిగువన ఏటవాలుగా కోయండి. చాలా మొక్కల్లో వేళ్ళు కణుపు దగ్గరే సులువుగా పుడతాయి. కణుపు కింద పొడవైన తోక మిగిలితే అది ఎందుకూ పనికిరాకపోగా కుళ్ళడం అక్కడే మొదలవుతుంది.
4. ముదురు కొమ్మలకు పై కోతను కణుపు పైన ఒక సెంటీమీటరు వదిలి అడ్డంగా కోయండి. ఆకులు లేని కొమ్మకు తలేదో మొదలేదో తర్వాత తెలియదు. కింద ఏటవాలు, పైన అడ్డం అనే గుర్తు పెట్టుకుంటే పొరపాటు జరగదు. తలకిందులుగా నాటిన కొమ్మ సరిగా పెరగదు.
5. ముక్క కింది సగంలో ఉన్న ఆకులన్నీ తీసేయండి. పైన రెండు నుంచి నాలుగు ఆకులు ఉంచండి. ఆకులు పెద్దవైతే ప్రతి ఆకునూ అడ్డంగా సగానికి కోయండి.
6. ముదురు కొమ్మ అయితే అడుగున ఒక పక్క రెండు సెంటీమీటర్ల మేర పైబెరడును పలుచగా గీకండి. ఆ గాయం అంచుల నుంచి కూడా వేళ్ళు వస్తాయి.

లేత కొమ్మకు ఆకులన్నీ తీసేయడం పొరపాటు. ఆ ఆకులు తయారు చేసే చక్కెరలు, వాటి నుంచి కిందికి దిగే ఆక్సిన్ అనే హార్మోన్ లేకుండా కొత్త వేరు పుట్టడం కష్టం.

6. వేరు హార్మోన్: ఎవరికి అవసరం, ఎంత

కోలియస్, పుదీనా, మనీ ప్లాంట్ వంటి వాటికి హార్మోన్ అక్కర్లేదు. బోగన్‌విల్లా, గులాబీ, మందారలకు మాత్రం ఫలితంలో తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఈ పొడులలో సాధారణంగా ఉండేది ఇండోల్ బ్యూటిరిక్ ఆమ్లం, అంటే ఐబీఏ. డబ్బా మీద దాని శాతం చూసి తీసుకోండి.

- లేత కొమ్మలకు 0.1 శాతం
- సగం ముదిరిన వాటికి 0.3 శాతం
- ముదురు కొమ్మలకు 0.8 శాతం

పొడిని కొంచెం కాగితం మీద పోసుకుని వాడండి. కొమ్మను నేరుగా డబ్బాలో ముంచితే తేమ, తెగులు మిగతా పొడికంతా అంటుకుంటాయి. తడి అడుగును ఒక సెంటీమీటరు మేర పొడిలో అద్ది, వేలితో తట్టి అదనపు పొడిని రాల్చేయండి. ఎక్కువ అద్దితే ఎక్కువ వేళ్ళు రావు. మోతాదు మించితే కాండం అడుగు మాడుతుంది.

తేనె, దాల్చిన చెక్క పొడి గురించి తరచూ అడుగుతారు. దాల్చిన చెక్క పొడి బూజును కొంత అడ్డుకోగలదు, కాని ఈ రెండింటిలో ఏదీ వేళ్ళు పుట్టించే హార్మోన్‌కు బదులు కాదు.

7. నాటడం

పుల్లతో ముందే రంధ్రం చేయాలి. కొమ్మనే నేరుగా గుచ్చితే పొడి అంతా పైనే రాలిపోతుంది, లేత కాండం నలుగుతుంది. కనీసం ఒక కణుపు, వీలైతే రెండు కణుపులు లోపలికి పోయేలా పెట్టి, చుట్టూ చేతి వేళ్ళతో మెల్లగా అదిమి, కొద్దిగా నీళ్ళు చల్లండి. ముక్క ఊగకుండా నిలబడాలి. ఒకే కుండీలో నాలుగైదు ముక్కలు పెట్టవచ్చు, కాని ఆకులు ఒకదానికొకటి తగలకూడదు.

ఒక మొక్క కావాలంటే ఐదు ముక్కలు నాటండి. అలవాటున్న చేతిలో కూడా కొన్ని పోతాయి.

8. మూత, వెలుతురు, వెచ్చదనం

కుండీలో మూడు పుల్లలు గుచ్చి, వాటి మీదుగా పారదర్శకమైన సంచి తొడిగి, కుండీ అంచు దగ్గర దారంతో కట్టండి. అడుగు కోసేసిన పెద్ద నీళ్ళ సీసా కూడా చక్కగా పనికొస్తుంది. ప్లాస్టిక్ ఆకులకు ఆనకూడదు. ఆనిన చోట నీరు నిలిచి ఆకు కుళ్ళుతుంది. మూత లోపల పలుచగా ఆవిరి పట్టి ఉంటే అంతా సరిగా ఉన్నట్టు. చుక్కలు ధారలుగా కారుతుంటే కాసేపు తెరిచి ఉంచండి. ఆవిరే పట్టకపోతే మిశ్రమం ఆరిపోయిందేమో చూడండి. ఎలా ఉన్నా రోజుకోసారి ఐదు పది నిమిషాలు మూత తీసి గాలి తగలనివ్వాలి.

మూత వేసిన కుండీని నేరుగా ఎండలో పెట్టవద్దు, ఎందుకంటే ఆ కాస్త లోపలి గాలి నిమిషాల్లో వేడెక్కి ముక్కలు ఉడికినట్టు అయిపోతాయి. అలాగని చీకటి మూల కూడా పనికిరాదు. కుండీ పైన ఒక అడుగు ఎత్తున చెయ్యి పెడితే, అంచులు మసకగా ఉన్న నీడ పడాలి. అంచులు స్పష్టంగా కనిపించే నల్లని నీడ పడితే వెలుతురు ఎక్కువ, నీడే పడకపోతే తక్కువ.

మిశ్రమం 21 నుంచి 26 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే చాలా మొక్కలకు అనుకూలం. కింద వెచ్చగా, పైన గాలి కాస్త చల్లగా ఉంటే చిగురు కంటే వేరు ముందు కదులుతుంది. చల్లని రోజుల్లో కుండీని నేల మీద కాకుండా చెక్క పలక మీద పెట్టండి. నేల చలి అడుగు నుంచే ఎక్కుతుంది.

9. మామూలు పద్ధతికి లొంగని మొక్కలు

పాలు కారే కొమ్మలను కోయగానే పాలు ఆగేదాకా నీటితో కడగండి. చేతికి తొడుగులు వేసుకోండి; జెముడు జాతుల పాలు కంట్లో పడితే తీవ్రమైన హాని జరుగుతుంది.

దేవగన్నేరు కొమ్మను నీడలో వారం నుంచి రెండు వారాలు ఆరబెట్టి, కోత పూర్తిగా గట్టిపడ్డాక నాటాలి. జెముడు ముక్కలకు సుమారు వారం చాలు. వీటికి మూత వేయవద్దు, నాటిన తర్వాత కొన్ని రోజుల వరకు నీళ్ళు కూడా వద్దు. కాండంలోనే నీరు నిల్వ ఉన్నందువల్ల వీటికి ఎండిపోయే ప్రమాదం తక్కువ, కుళ్ళిపోయే ప్రమాదం ఎక్కువ.

ఆకు నుంచి మొక్క రావడం కొన్ని జాతులకే సాధ్యం. ఆఫ్రికన్ వయొలెట్ ఆకును రెండు మూడు సెంటీమీటర్ల కాడతో నాటితే పిల్ల మొక్కలు వస్తాయి. స్నేక్ ప్లాంట్ ఆకును ముక్కలుగా కోసి నాటవచ్చు, కాని ప్రతి ముక్కకు కింది వైపు ఏదో గుర్తు పెట్టుకోవాలి, నెలల తరబడి ఆగాలి. పసుపు అంచులున్న రకమైతే ఆకు ముక్క నుంచి వచ్చే పిల్లల్లో ఆ అంచు పోతుంది. అంచు కావాలంటే పిలకను విడదీయడమే మార్గం. కణుపు లేని మనీ ప్లాంట్ ఆకుకు వేళ్ళు రావచ్చు, అయినా దానికి చిగురు మాత్రం ఎప్పటికీ రాదు.

10. నీటిలో వేళ్ళు పట్టించాలంటే

మనీ ప్లాంట్, కోలియస్, పుదీనా, తులసి, గన్నేరు నీటిలో బాగా వస్తాయి. ఒకటి రెండు కణుపులు మాత్రమే మునగాలి, ఆకు ఒక్కటి కూడా నీటిలో ఉండకూడదు. మూడు నాలుగు రోజులకోసారి నీరు మార్చండి. నీరు మార్చడమంటే అందులోకి మళ్ళీ ఆక్సిజన్ చేర్చడమే. గాజు పాత్రకు బయట కాగితం చుడితే నాచు పట్టదు.

వేళ్ళు మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు కాగానే మిశ్రమంలోకి మార్చాలి. జడలా అల్లుకునేదాకా ఆగితే అవి నీటికే అలవాటుపడి, మట్టిలో నాటినప్పుడు దెబ్బతింటాయి. మార్చిన మొదటి వారం మిశ్రమాన్ని మామూలు కంటే తడిగా ఉంచి, తర్వాత మెల్లగా తగ్గించండి.

11. ఎదురుచూసే వారాలు

- కోలియస్, పుదీనా, తులసి: 1 నుంచి 2 వారాలు
- మనీ ప్లాంట్: 2 నుంచి 3 వారాలు
- మందార, మల్లె: 4 నుంచి 6 వారాలు
- గులాబీ: 4 నుంచి 8 వారాలు
- బోగన్‌విల్లా: 6 నుంచి 12 వారాలు

ఈ వారాల్లో అన్నిటికంటే ఎక్కువ హాని చేసేది పైకి లాగి చూడటం. కోత దగ్గర పుట్టిన వేరు కొన దారం కంటే సన్నగా ఉంటుంది. ఒక్కసారి లాగితే అది తెగిపోతుంది, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టే శక్తి చాలా ముక్కలకు ఉండదు. చూడకుండా ఉండలేనివారికి ఒక మార్గం ఉంది: రంధ్రాలు చేసిన పారదర్శకమైన గ్లాసులో నాటి, దాన్ని వెలుతురు చొరని మరో గ్లాసులో పెట్టండి. లోపలి గ్లాసును పైకెత్తి చూస్తే ముక్క కదలకుండానే వేళ్ళు కనిపిస్తాయి.

ముదురు కొమ్మల విషయంలో చిగురును నమ్మవద్దు. బోగన్‌విల్లా, అంజూర కొమ్మలు తమలో దాచుకున్న ఆహారంతోనే రెండు మూడు ఆకులు వేస్తాయి, అప్పటికి అడుగున ఒక్క వేరు కూడా ఉండకపోవచ్చు. ఆ ఆకులు చూసి మూత తీసి ఎండలో పెట్టడం వల్లనే ఎన్నో కొమ్మలు చివరి దశలో పోతాయి. కుండీ రంధ్రం నుంచి వేరు బయటికి కనిపించడం నమ్మదగిన గుర్తు. పైన చెప్పిన వారాల కనీస గడువు దాటాక, రెండు చేతి వేళ్ళతో పట్టి అతి మెల్లగా లాగినప్పుడు ముక్క బిగువుగా ఉండటం మరో గుర్తు.

12. తేడా వచ్చినప్పుడు

అడుగు నల్లబడి మెత్తబడితే: నల్లదనం పూర్తిగా పోయేదాకా పైకి కోసి, కొత్త కణుపు కింద మళ్ళీ కోత పెట్టి, కొత్త మిశ్రమంలో నాటండి. పాత మిశ్రమాన్ని తిరిగి వాడవద్దు.

మిశ్రమం తడిగా ఉన్నా ఆకులు వాడితే: నీళ్ళు పోయకండి. మూత బిగించండి, ఆకుల సంఖ్య లేదా సైజు తగ్గించండి, వెలుతురు కాస్త తగ్గించండి.

బూజు కనిపిస్తే: రాలిన ఆకులన్నీ ఏరేయండి, మూత తీసి ఉంచే సమయం పెంచండి. బూజు ఎక్కువగా ఎక్కిన ముక్కను తీసేయడమే మిగతావాటికి మేలు.

కింది ఆకు ఒకటి రెండు పసుపుబారి రాలితే: కంగారు పడనక్కర్లేదు. కాండం పచ్చగా, గట్టిగా ఉన్నంత కాలం ముక్క బతికే ఉన్నట్టు. ముదురు కొమ్మ అయితే గోటితో బెరడును కొద్దిగా గీకండి. లోపల పచ్చగా ఉంటే ఆగండి, గోధుమ రంగులో పొడిగా ఉంటే అది పోయినట్టే.

కోత దగ్గర తెల్లటి గడ్డలాంటిది పెరిగి వేరు రాకపోతే: అది కేలస్, గాయం మానుతున్న కణజాలం. దాన్ని కోయకుండా అలాగే నాటి, అడుగున వెచ్చదనం పెంచి మరికొన్ని వారాలు చూడండి.

13. బయటి గాలికి అలవాటు చేయడం, కుండీ మార్చడం

మూత కింద పెరిగిన ఆకులకు నీటిని బిగబట్టే పైపూత పలుచగా ఉంటుంది. ఒక్కసారిగా మూత తీసేస్తే, వేళ్ళు ఉన్నా సరే, మొక్క ఒక్క పూటలో వాడిపోవచ్చు. వారం నుంచి పది రోజులు ఇలా చేయండి.

- మొదటి రెండు రోజులు: రోజుకు గంట సేపు మూత తీయండి
- తర్వాతి మూడు రోజులు: సగం పూట
- ఆ తర్వాత: పగలంతా తీసి, రాత్రి వేయండి
- ఒక రోజంతా వాడకుండా నిలబడితే: మూత పూర్తిగా మానేయండి

వేళ్ళు మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల పొడవుండి, పక్క వేళ్ళు కూడా వేయడం మొదలయ్యాక ఒక్కో మొక్కను 10 సెంటీమీటర్ల కుండీలోకి మార్చండి. వేళ్ళకు అంటుకున్న మిశ్రమాన్ని దులపవద్దు, కడగవద్దు. కాండాన్ని కాకుండా ఆకును లేదా మిశ్రమపు గడ్డను పట్టుకుని ఎత్తండి. ఒక ఆకు చిరిగితే మరొకటి వస్తుంది, లేత కాండం నలిగితే మొక్క పోతుంది. ముందున్న లోతులోనే నాటి, నీళ్ళు పెట్టి, మళ్ళీ నాలుగైదు రోజులు నీడలో ఉంచండి.

ఎరువుకు రెండు మూడు వారాలు ఆగాలి. కొత్త ఆకులు మామూలు సైజులో రావడం మొదలయ్యాక, డబ్బా మీద రాసిన మోతాదులో నాలుగో వంతు కలిపి మొదలుపెట్టండి. మందార, గులాబీ వంటివి ఈ చిన్న వయసులోనే మొగ్గ వేస్తాయి. తుంచడానికి మనసు ఒప్పకపోయినా ఆ మొదటి మొగ్గలు తుంచేయండి, చిగురు కొనను కూడా ఒక కణుపుకు కాస్త పైన గిల్లండి. పక్క కొమ్మలు వచ్చాక పూసే పూలను ఉంచుకోవచ్చు.